ఎడమచేతి వైపు సముద్రం

ఆమె పిడికిట్లో ఇంకా అతని సంచి పట్టీ ఉంది. వదలమని చేతికి చెబుతోంది గానీ చెయ్యి వినడం లేదు. వేళ్లు తెల్లబడ్డాయి, పట్టీ గరుకు అరచేతిలో దిగబడింది, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు ఆమె దాన్నే చూస్తూ కూర్చుంది. ఇద్దరూ కొండ వైపు గడ్డిలో ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. అతని బూటు ఆమె ఒళ్లో ఉంది. కింద, చాలా కింద, సముద్రం తన పని తాను చేసుకుంటోంది. రాత్రి వానకు కాలిబాటలో ఎడమ సగం, ఎవరో కొరికేసినట్టు, ఊడి కిందికి పోయింది. పచ్చి మట్టి, దాన్లోంచి గాలికి వేలాడుతున్న గడ్డి వేళ్లు, ఒక మంచం పట్టేంత ఖాళీ. ఆ ఖాళీని ఆమె వెనకనుంచే, చాలా దూరంనుంచే చూసింది. ముందు నడుస్తున్న మనిషి చూడకుండా ఎలా ఉంటాడు? చూశాడనే అనుకుంది. ఇప్పుడు కుడివైపు జరుగుతాడు, ఇప్పుడు, ఇదుగో ఇప్పుడు, అనుకుంటూనే ఉంది. అతను ఈల వేసుకుంటూ తిన్నగా నడిచాడు. ఇంట్లో మెట్టు దిగినంత నింపాదిగా ఎడమకాలు తీసి గాలిలో పెట్టాడు. తను అరిచిందో లేదో ఆమెకు గుర్తు లేదు. పట్టీ దొరికింది, అంతే. పొద్దున బయల్దేరేటప్పుడు సంచి నేను తగిలించుకుంటానని తనే అంది; నీకు నడుం నొప్పి కదా అని అతను లాక్కున్నాడు. లాక్కోకపోయి ఉంటే ఇందాక ఆమె చేతికి అందేది ఆ పాత చొక్కా. భుజం దగ్గర రెండుసార్లు కుట్టిన చొక్కా. తనే కుట్టింది, ఎంత గట్టిగా కుట్టిందో తనకు తెలుసు.

"కంట్లో ఏదో పడింది," అన్నాడతను, కాసేపటికి.

గాలి ఉంది, నిజమే. కంట్లో దుమ్ము పడటానికి వీలుంది. ఆమె ఆ మాటను రెండు చేతులా అందుకుంది, దాహంతో ఉన్నవాళ్లు గ్లాసు అందుకున్నట్టు. అవును, దుమ్ము. అంతే. మోకాలు చీరుకుపోయిందని తెలుస్తోంది గానీ నొప్పి రావడం లేదు, ఒక చీమ గడ్డిపరక చివరిదాకా ఎక్కి అక్కడ దారి లేక మళ్లీ దిగుతోంది, దాన్ని ఎందుకు చూస్తోందో తెలియదు. అతని ఎడమ భుజం మీద గడ్డి అంటుకుని ఉంటే దులపబోయింది. చెయ్యి భుజం దాకా వెళ్లి ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకు చెప్పలేదు చెయ్యి. ఇవాళ చేతులు తన మాట వినడం మానేశాయి. అది భుజం మీంచి పైకి లేచింది, చెవి పక్కకు, చెంప పక్కకు, కంటి కొసకు జానెడు దూరంలోకి. వేళ్లు ఆడించింది. పార్లర్లో జుట్టు కడిగాక నీళ్లు విదిలించినట్టు ఆడించింది. అతను ఎదురుగా సముద్రాన్ని చూస్తూ, బూటు లేసు కోసం తడుముకుంటూ, రెప్ప వెయ్యలేదు. ఇంకొంచెం ముందుకు జరిపింది. ముక్కు దాటబోయే దాకా జరిపింది. అప్పుడు ఉలిక్కిపడ్డాడు. "ఏంటి? ఏమైంది?" అన్నాడు. ఈగ, అంది ఆమె. ఈగ వాలింది. తన గొంతు ఎంత మామూలుగా వచ్చిందో విని ఆమెకే ఒళ్లు జలదరించింది.

లేచారు. బాట ఇరుకు, ఇద్దరూ పక్కపక్కన నడవడానికి లేదు. ఆమె పట్టీ వదల్లేదు. కట్టేసిన గొర్రెను తోలుకెళ్తున్నట్టు వెనకనుంచి పట్టుకునే నడిచింది. ఒకవేళ అది ఉత్త దుమ్మే అయితే, ఏ మగాడైనా వెనక్కి తిరిగి ఎందుకు పట్టుకున్నావే, వదులు, అంటాడు. పడిపోతానా ఏంటి, చిన్నపిల్లాణ్ణా, అంటాడు. అతను ఏమీ అనలేదు. ఊడిపోయిన చోటు దాటేటప్పుడు కుడి చేత్తో పొదల కొమ్మలు తడుముకుంటూ నడిచాడు, దాటాక పట్టీ బిగుసుకున్నప్పుడల్లా కొంచెం కుడికి జరిగాడు. జరిగాడు! ఎందుకని అడక్కుండా జరిగాడు. అప్పుడు తగిలిందామెకు రెండో దెబ్బ. ఇతనికి తెలుసు. ఇవాళ తెలిసింది తనకు గానీ ఇతనికి ఎప్పటినుంచో తెలుసు.

కళ్లు. ఆ కళ్ల వల్లే కదా తను ఇతన్ని చేసుకుంది. పక్క ఊళ్లో జుట్టు కత్తిరించడం నేర్చుకునే రోజుల్లో పొద్దున్నే మొదటి బస్సు, ఆఖరి వరస, కిటికీ పక్క సీటు. ఇంజను హోరు, కిటికీ అద్దాల గలగల, నలభైమంది ముచ్చట్లు. అంత గోలలో ఒకరోజు జడ క్లిప్పు జారి సీటు కింద పడితే తనకే తెలియలేదు, ముందునుంచి డ్రైవరు కేకేశాడు: వెనక సీటు అమ్మాయ్, నీ క్లిప్పు పడింది చూసుకో! బస్సంతా నవ్వింది. ఆమెకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అంటే అంత పొడవు బస్సు నడుపుతూ, ఆ చిన్న అద్దంలోంచి, ఆఖరి వరసలో తన జడను చూస్తున్నాడన్న మాట. అప్పటినుంచి ఆ అద్దం ఒక్కటే ఆమెకు బస్సు. వాడికి తల చుట్టూ కళ్లేనే, అని అమ్మ నవ్వేది. ఊళ్లో వాళ్లూ అదే అనేవారు. సందు చివర ఎవరో చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తున్నా చూసి ఆపేవాడు, పొదుగు నిండిన ఆవును చూసి ఆపేవాడు, పిల్లి పిల్లల్ని నోట కరుచుకుని రోడ్డు దాటుతుంటే ఆపేవాడు. ఈ మధ్య ఆపడం లేదని పార్లర్లో ఒకావిడ అంది. తలకి రంగు పూయించుకుంటూ, అద్దంలో ఈమె మొహం చూస్తూ అంది: మా అమ్మ చెయ్యెత్తి నిలబడితే పట్టించుకోకుండా పోయాడమ్మా మీ ఆయన, పొగరెక్కింది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మా ఆయనకి పొగరా, మీ అమ్మ ఎత్తింది చెయ్యో గొడుగో చూసుకోండి, అని గొడవేసుకుంది. రంగు గిన్నె ఠక్కున బల్ల మీద పెట్టింది. ఆవిడ మళ్లీ రాలేదు. ఆవిడ ఇల్లు ఎక్కడ? రోడ్డుకి ఏ పక్క? ఎడమ పక్క.

ఎడమ పక్క, ఎడమ పక్క. వంటగదిలో పగిలిన గ్లాసులన్నీ ఎడమ పక్కనుంచే పడ్డాయి. ఎప్పుడూ ఆమెనే తిట్టేవాడు, అడ్డంగా పెడతావేంటి అని. ఎడమ మోచేతి మీద తలుపు కొట్టుకున్న కమిలిన మచ్చలు. ఒకటి మానేలోపు ఇంకొకటి. వయసొస్తోంది కదా, చర్మం పల్చబడుతోంది, అనుకుంది. వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడటం, పిల్లిలా వస్తావేంటి నువ్వు, అనడం. మంచం మీద పక్క మార్చుకోవడం. కిటికీ గాలి పడటం లేదన్నాడు, సరేనంది. నెలకోసారి పెరట్లో కుర్చీ వేసి, మెడ చుట్టూ దుప్పటి చుట్టి, ఆ తలను తన రెండు చేతుల్లో పట్టుకుని జుట్టు కత్తిరిస్తుంది తను. కత్తెర చెవుల పక్కనుంచి పోతుంటే కొత్తవాళ్లు బెదురుతారు, పిల్లలు మెడ లాక్కుంటారు. ఇతను కుడిచెవి దగ్గర రెప్ప వేస్తాడు, ఎడమచెవి దగ్గర వెయ్యడు. అది కూడా చూసింది. చూసి, ఎడమవైపు నమ్మకం ఎక్కువేమో, అని జోక్ వేసింది. ఇద్దరూ నవ్వుకున్నారు. దేవుడా, ఇద్దరూ నవ్వుకున్నారు. అప్పుడు అతను ఏమనుకుంటూ నవ్వాడు?

బాట దిగువకి తిరిగి కాస్త వెడల్పైంది. లైట్‌హౌస్ కొండ వెనక్కి పోయింది, పసుపు పూల పొదలు వచ్చాయి, ఊరి పైకప్పులు కనిపిస్తున్నాయి, కిందనుంచి ఇసుక మీద ఎవరో పిల్లలు అరుస్తున్న చప్పుడు గాలితో వచ్చి గాలితో పోతోంది. ఈ దారిలోనే, పోయిన ఏడాది వానలు వెలిశాక ఒక ఆదివారం, అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పెళ్లయిన కొత్తల్లో కూడా నలుగురిలో చెయ్యి పట్టుకున్న మనిషి కాదు. నడుస్తూ నడుస్తూ, ఏమీ ఎరగనట్టు, ఆమె వేళ్లలో వేళ్లు పెట్టి అలాగే ఉంచేశాడు. కదిలితే ఎక్కడ వదిలేస్తాడోనని దగ్గొస్తున్నా ఆపుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ. మాట్లాడేటప్పుడు కూడా మొహం మొత్తం తన వైపు తిప్పి, కళ్లలో కళ్లు పెట్టి మాట్లాడటం మొదలెట్టాడు. ఇదివరకు పేపరు చాటునుంచి ఊఁ కొట్టే మనిషి. ఆమె పార్లర్లో తనతో పనిచేసే పిల్లతో సిగ్గు విడిచి చెప్పుకుంది, అమ్మాయి హాస్టలుకి వెళ్లిపోయాక మాకు మళ్లీ కొత్తగా పెళ్లయినట్టుందే, అని. ఆ పిల్ల పడీపడీ నవ్వి, దిష్టి తగులుతుంది ఊరుకో అక్కా, అంది. ఒక ఏడాది. ఏడాది పాటు తను కొత్త బట్టలేసుకుని, జుట్టు సర్దుకుని, ఆదివారం కోసం ఎదురుచూసింది. అతను పట్టుకున్నది చెయ్యి కాదా? గోడ పట్టుకున్నట్టు పట్టుకున్నాడా? మెట్ల పక్కన రెయిలింగ్ పట్టుకున్నట్టా? ఆ మొహం తిప్పడం, ఆ చూపు, అదంతా ఉత్తినే తను ఎక్కడుందో వెతుక్కోవడమా? ఆమెకు ఏడుపు రాలేదు. చెంపమీద కొట్టినప్పుడు ఏడుపు వెంటనే రాదు, ముందు ఎవరు కొట్టారా అని చూస్తాం. పార్లర్ ముందునుంచి పోతూ రోజూ పొద్దున రెండుసార్లు హారన్ కొడతాడు. ఆమె దువ్వెన పట్టుకున్న చేత్తోనే అద్దం వెనకనుంచి చెయ్యి ఊపుతుంది. రోడ్డు మలుపులో, సరిగ్గా ఎడమ పక్కనుంది పార్లర్. ఆమె ఉన్నా లేకున్నా కొట్టేవాడన్న మాట.

ఆ హారన్ బడి బస్సుది.

బస్సు. అప్పుడు వచ్చిందా మాట ఆమె తలలోకి. ఇంతసేపూ ఎక్కడుందో. గాజు పగిలాక ఎప్పటికో వినిపించిన చప్పుడులా వచ్చింది. ఊరి మొదటి బస్సు ట్రిప్పు అయ్యాక అతను నడిపేది డిపో వాళ్లదే బడి బస్సు, ఒకటీ రెండేళ్లు కాదు, పదేళ్లనుంచి. పొద్దునా సాయంత్రమూ, సందుసందుకీ ఆపుకుంటూ. ఆమె ఉన్నచోటే నిలబడిపోయింది. పట్టీ లాగినట్టయి అతను ఆగాడు. "ఆయాసమా? కూర్చుందామా?" అన్నాడు. వద్దంది. పోయిన వానాకాలం బస్సు ఎడమ అద్దం విరిగింది. చేపల వ్యాను వంకరగా పెట్టాడు వెధవ, అన్నాడు. ఆమె కూడా ఆ వ్యాను వాణ్ణి వీధిలో కనిపించినప్పుడల్లా తిట్టింది. ఇంకో రోజు సాయంత్రం వచ్చి అన్నం ముట్టలేదు. బేకరీ కుక్క చక్రం కింద పడిందన్నాడు. అడ్డం వచ్చింది, అన్నాడు. కుక్కలు అంతే కదండీ, మీరేం చేస్తారు, అని వీపు నిమిరింది. ఎన్నిసార్లు నిమిరిందో. ఆ కుక్క ఏ పక్కనుంచి వచ్చింది? అడగలేదు తను. ఎవరడుగుతారు అలాంటిది? పుస్తకాల సంచి తగిలించుకున్న పిల్ల బేకరీ కుక్క కన్నా ఎంత పెద్దది? ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలియక ఆమె తల విదిలించింది, అది పోలేదు.

ఆ వెంటనే, దాని పక్కనే, ఇంకో గొంతు మొదలైంది. మెత్తగా, ఇంట్లో మనిషిలా. ఇంతవరకూ ఏం కాలేదుగా. అంత జాగ్రత్తగా నడిపేవాడు ఊళ్లో ఇంకెవరున్నారు? కావాలంటే ఇంకా నెమ్మదిగా నడపమందాం. పిల్లలకి చెబుదాం, కుడివైపునుంచే దాటండని. బస్సు లేకపోతే ఆయన ఏం చేస్తాడు? రోజూ రాత్రి యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకుంటాడు, నాకు చేతకాదని. కాలరు మడత కత్తిలా ఉండాలి. బస్సు దిగిన మనిషి ఇంట్లో కూర్చుని ఏ మడత పెడతాడు? ఎవరికీ చెప్పనక్కర్లేదు. నాకే తెలియలేదు ఇన్నాళ్లు, ఇంకెవరికి తెలుస్తుంది? ఆ గొంతు అలా చెప్పుకుంటూ పోతుంటే ఆమె ఊఁ కొడుతూ వింది, వింది, కొండ మెట్లన్నీ దిగేదాకా వింది, ఇసుకలో కాలు దిగబడ్డాక గాని అది ఎవరి గొంతో ఆమెకు తెలియలేదు. అది తనదే. కొండ అంచున అతను కాలు గాలిలో పెట్టినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.

ఇసుక మీద అడుగు పెట్టగానే ఆమె పట్టీ వదిలేసింది. ఇక్కడ పడిపోయేది ఏముంది? తడి ఇసుక గట్టిగా ఉంది, అల వెనక్కి పోయి నురగ బుడగలు టపటప పేలుతున్నాయి, రాళ్ల మీద నాచు వాసన, పడవ నీడలో ఎవరో ముసలాయన వల బాగుచేసుకుంటున్నాడు. అతను ముందు నడుస్తున్నాడు, భుజాలు నిటారుగా, కండక్టరు విజిల్ కోసం చూస్తున్నట్టు తల ఎత్తి. వెనకనుంచి చూస్తే ఏ లోటూ లేని మనిషి. అంతలో పడవ చాటునుంచి ఒక పిల్ల పరుగెత్తుకొచ్చింది, ప్లాస్టిక్ బకెట్టు నిండా నీళ్లు ఊపుకుంటూ, ఎడమవైపునుంచి, తిన్నగా అతని వైపే. దాక్కుంటూ రాలేదు. అరుస్తూ వచ్చింది. ఆమెకు కనబడుతోంది, ముసలాయనకు కనబడుతోంది, ఇసుకంతటికీ కనబడుతోంది. ఆమె పట్టీ కోసం చెయ్యి చాపింది, అందలేదు. అతను అడుగు తీసి అడుగేశాడు, మోకాలు ఆ పిల్ల ఛాతీకి తగిలింది, పిల్ల వెల్లకిలా పడింది, బకెట్టు ఎగిరింది, నీళ్లు దాని మొహం మీదే పడ్డాయి. ఆ తర్వాత పిల్ల నవ్వింది. ముందుపళ్లు రెండూ లేవు.

"బస్సు మామయ్యా! నేను కనబళ్లేదా?"

"నువ్వు చీమంత ఉంటివి, ఎలా కనబడతావే?" అన్నాడతను, మొహం మొత్తం తిప్పి, వంగి, ఇసుక దులుపుతూ. ఎంత చక్కగా నవ్వాడు! ఎంత అలవాటుగా!

పడవ వెనకనుంచి పిల్ల నాయనమ్మ వచ్చింది, కొంగుతో మొహం తుడుచుకుంటూ. "చూసుకోకుండా పరుగెడుతుందండీ, దెబ్బ తగల్లేదుగా మీకు?" అని, ఆమె వైపు తిరిగి, "మీ ఆయన బస్సని ధైర్యంగా పంపిస్తున్నామమ్మా. వేరే డ్రైవరైతే వాళ్ల నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఇది రేపట్నుంచి ముందు సీట్లోనే కూర్చుంటుందట, మామయ్య పక్కనే," అంది.

ఏదో అనాలి. అవునండీ, అనాలి. ఆమె వంగి బకెట్టు తీసి పిల్లకిచ్చింది. ముసలావిడ కాసేపు చూసి, ఈమెకు బొత్తిగా మాటామంచీ లేదనుకుందో ఏమో, మనవరాలి రెక్క పుచ్చుకుని వెళ్లిపోయింది. పిల్ల వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. అతను ఊపలేదు. అప్పటికే పిల్ల అతని ఎడమవైపుకి వెళ్లిపోయింది.

ఇసుకనుంచి ఊళ్లోకి ఎక్కే సిమెంటు మెట్లు. కింది మెట్టు మీద అతను కూర్చుని, బూట్లు విప్పి ఇసుక దులుపుకున్నాడు. ఆమె కూర్చోలేదు.

"ఏది కనబడుతుంది మీకు?"

"అదేం ప్రశ్న?"

"నాతో అలా మాట్లాడకండి. ఇవాళ వద్దు."

అతను బూటు బోర్లించి పట్టుకుని చాలాసేపు ఊపాడు, ఇసుక అయిపోయాక కూడా. "ఎడమది దాదాపు పోయింది," అన్నాడు చివరికి. "కంట్లో ఒత్తిడి పెరిగిందట. పక్క ఊళ్లో చూపించుకున్నా. పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టుకోమని చుక్కలిచ్చాడు డాక్టరు."

"చుక్కలా? ఎక్కడున్నాయి? నేనెప్పుడూ చూళ్లేదే."

"బస్సులో. స్పానర్ల డబ్బాలో."

స్పానర్ల డబ్బాలో. పాలు పొంగితే చెప్పే మనిషి, మేజోడుకి చిల్లు పడితే చెప్పే మనిషి. గ్రీజు గుడ్డల మధ్య చిన్న మందు సీసా, రోజూ బడి ముందు బస్సు ఆపి, పిల్లలు దిగాక, సీట్లో వెనక్కి వాలి, ఒంటరిగా కంట్లో చుక్కలు వేసుకోవడం ఆమెకు కళ్లకు కట్టింది. జాలి పొంగుకొచ్చింది, దాని వెనకే కోపం, కోపం వెనక ఏమీ లేదు, ఉత్త ఖాళీ. "డాక్టరు బండి నడపొద్దనలేదా?"

"ఏం పని చేస్తావని అడిగాడు. చేపల కొట్టు అన్నాను."

"మరి డిపోలో కళ్ల పరీక్ష?"

"చార్టే కదా. కుడికన్నుతో చదివింది గుర్తుంటుంది, ఎడమదాని వంతొచ్చినప్పుడు అప్పజెప్పేస్తా. ఎదురుగా ఉన్నవి బాగానే కనబడతాయి నాకు. నువ్వు కనబడుతున్నావుగా ఇప్పుడు."

"నేను బస్సుకి అడ్డం పరిగెత్తుకొచ్చే పిల్లని కాదు."

అతను తల దించుకున్నాడు. ఇరవై ఏళ్లలో ఆ మెడ అంత కిందికి వంగడం ఆమె జుట్టు కత్తిరించేటప్పుడు తప్ప చూడలేదు. "బడి సెలవులిచ్చేదాకా," అన్నాడు నేలతో. "నెమ్మదిగా పోతా. నీ మీద ఒట్టు, నడిచినట్టే పోతా. సెలవులివ్వగానే నేనే నడుం నొప్పని చెప్పి దిగిపోతా. ఎవరికీ తెలియకుండా మర్యాదగా దిగిపోతా. అంతవరకూ ఊరుకోవే."

సరే అనడానికి నోరు తెరిచింది ఆమె. నిజంగానే తెరిచింది. స-కారం నాలుక మీదికి వచ్చింది, చాలా తేలికైన మాట, ఈ మనిషితో కాపురమంతా ఆ మాటతోనే నడిచింది. పడవ దగ్గర ఆ పిల్ల మళ్లీ బకెట్టు నింపుకుంటోంది. ఆమె నోరు మూసుకుని, సంచి ముందర అరలోంచి తన ఫోను తీసింది. డిపో పెద్దాయన భార్య జుట్టు కత్తిరించేది తనే, నంబరు ఉంది. నొక్కింది. అతను చప్పుడు విని తలెత్తాడు, ఆపలేదు, లేవలేదు.

"ఏమ్మా, ఆదివారం పూట?" అంది పెద్దాయన గొంతు, ఏదో తింటున్నట్టు. "మా ఆవిడ రేపు వస్తానందే పార్లరుకి, పిలవమంటావా?"

"సార్," అంది ఆమె. "మా ఆయన..." అంతే. కొండ మీదనుంచి మోసుకొచ్చిన మాటలన్నీ అక్కడే ఆగిపోయాయి. ఏమని చెప్పాలి? పొద్దున్నే లేచి బస్సు తుడుచుకునే మనిషి మీద, తన నోటితో? అవతల పెద్దాయన, హలో, హలో, ఏమైందమ్మా, మీ ఆయనకేమైనా అయిందా, అంటున్నాడు.

అతను చెయ్యి చాపాడు. "ఇలా ఇవ్వు."

ఫోను అతని అరచేతిలో పెట్టింది. ఒట్టి కాళ్లతోనే లేచి నిలబడ్డాడు. ఒక చేత్తో చొక్కా కాలరు సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, హాజరు పలికినట్టు చెప్పాడు: "నేనే సార్. రేపటి ట్రిప్పుకి ఇంకొకర్ని వెయ్యండి. నాకు ఎడమ కన్ను లేదు సార్. కుడిది కూడా పక్కలు తెలియట్లేదు. లేదు సార్, తాగలేదు. ఇంట్లో తనకి కూడా ఇవాళే తెలిసింది. ఇవాళ ఒక పిల్లని గుద్దాను. కాదు కాదు, బస్సుతో కాదు, ఇసుకలో, కాలితో. ఏం కాలేదు. ఏం కాలేదు సార్."

పెద్దాయన అవతల ఏమీ తినడం లేదిప్పుడు. చెప్పాడు, ఆమె అనుకుంది. చెప్పేశాడు. ఇంటికి వెళ్లి టీ పెట్టాలి, సాయంత్రం అమ్మాయి హాస్టలునుంచి ఫోను చేస్తుంది, దానికి ఎలా చెప్పాలో ఆలోచించాలి, మంచి కళ్ల డాక్టరుకి చూపించాలి, రేపు పార్లరు తియ్యనక్కర్లేదు, అనుకుంటోంది. అప్పుడు ఫోనులోంచి ఆ ఒక్క మాట, చిన్నగా, స్పష్టంగా ఆమెకు కూడా వినిపించింది.

"ఎప్పట్నుంచి?"

అతను మొహం తిప్పి ఆమె కోసం చూశాడు, నిలువునా, పూర్తిగా, ఏడాదిగా చూస్తున్నట్టే. పెదవి తడుపుకున్నాడు.

"మా అమ్మాయి అప్పటికింకా బస్సులోనే బడికొచ్చేది సార్."

ఆ తర్వాత పెద్దాయన ఏమన్నాడో ఆమెకు వినబడలేదు. మెట్టు చల్లగా తగిలింది గనక తను కూర్చుందని తెలిసింది. అమ్మాయికి బస్సు పడేది కాదు, వాంతులయ్యేవి, అందుకని ముందు సీట్లో వాళ్ల నాన్న పక్కనే కూర్చోబెట్టేది తను. రోజూ తనే ఎక్కించేది. రిబ్బన్లు సరిచేసి, టిఫిను డబ్బా ఒళ్లో పెట్టి, జాగ్రత్తండీ అనేది. తలుపు తనే మూసేది. చేత్తో రెండుసార్లు బస్సు ఒంటిమీద తట్టేది, ఇక పోవచ్చని. ఎన్ని పొద్దులు. అతను పోనిచ్చేవాడు.

ఫోను పెట్టేసి అతను అక్కడే నిలబడ్డాడు. తల ఒకసారి ఇటు తిప్పాడు, ఒకసారి అటు తిప్పాడు. కూర్చున్న మనిషి అతని చూపుకి కిందుగా, ఎడమగా ఉంది.

"ఉన్నావా?" అన్నాడు.

ఆమె చెయ్యి చాచితే అతని మోకాలు అందుతుంది. పలకడానికి ఊపిరి తీసుకుంది, అది లోపలే ఉండిపోయింది. అతను మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా, సముద్రం వైపు తిరిగి అడిగాడు.